నడిమింట్లో ఆకు

ఆ రోజు ఆత్మకూరులో డాక్టరు చెప్పిన మాట నేను ఇంటికి చేర్చలేదు. దారిలోనే మార్చేశాను. ఏళ్ల తరబడి అది నాలోనే ఉండిపోయింది. మీరు నన్ను ఎరగరు కాబట్టే ఇదంతా మీకు రాయగలుగుతున్నాను.

మాది ఉదయగిరి దగ్గర పల్లె. పొగాకు రైతును. బ్యారన్ గదిలో వేడికి కాల్చి ఆరబెట్టిన ఆకును వేలానికి తీసుకుపోయేదాకా మండె వేసి, అంటే దొంతరగా పేర్చి, దాచుకోవాలి. ఎండుగాలి తగిలితే ఆకు పెళుసెక్కి పొడైపోతుంది. మా పాత మిద్దెలో నడిమిల్లు చల్లగా ఉంటుంది. మా నాయన మండె అక్కడే వేసేవాడు, నేనూ అక్కడే వేశాను. ఆ మండె పక్కనే మా పాప వాళ్ల అవ్వను కరుచుకుని పడుకునేది. అవ్వ అంటే నా భార్య తల్లి. అప్పట్లో మాతోనే ఉండేది.

పాపకు ఏడేళ్లప్పుడు ఒక పొద్దున ఊపిరి అందలేదు. మోటారుసైకిల్ మీద నాకూ నా భార్యకూ మధ్య కూర్చోబెట్టుకుని ఆత్మకూరు దాకా తోలాను. దాని రొమ్ము ఎగిరెగిరి నా వీపుకు తగులుతోంది. ఈల లాంటి ఆ చప్పుడు అంత గాలిలోనూ వినిపిస్తూనే ఉంది. ఆ చప్పుడు ఆగితే? అనుకున్న ప్రతిసారీ బండి వేగం పెంచాను.

లోపల పాప ముఖానికి మాస్కు పెట్టి మందు పట్టిస్తున్నారు. నా భార్య అక్కడే ఉండిపోయింది. డాక్టరు నన్ను పక్కకు పిలిచాడు. నా చొక్కా వాసనకేనేమో, ఆకు ఎక్కడ పెడతారని అడిగాడు. చెప్పాను. "ఆ దుమ్ము, ఆ ఘాటు పాపకు పడవు. ఆకు ఇంట్లోంచి తీసేయండి. అది ఉన్నంతకాలం మందులతోనే నెట్టుకురావాలి" అన్నాడు. తల ఊపాను. అప్పటికి నిజంగానే తీసేద్దామనుకున్నాను.

తిరుగుదారిలో లెక్కలు మొదలయ్యాయి. ఆ ఏడు ఆకు వేలంలో మంచి ధర పలికే నిమ్మపండు రంగులో దిగింది. పొలంలో రేకుల కొట్టం తప్ప వేరే చోటు లేదు. అక్కడ వేస్తే నాశనమే. ఇది ఒక కారణం. రెండోది చెప్పడానికి ఇంకా సిగ్గుగా ఉంది. బిడ్డకు ఊపిరాడకుండా చేస్తున్నది నేనేనని ఇంట్లోవాళ్ల ముందు ఒప్పుకోలేకపోయాను.

ఇంటికి వచ్చేసరికి అవ్వ వాకిట్లోనే ఉంది. పాప స్నానానికని పక్కన కట్టెల పొయ్యి మీద నీళ్లు కాస్తోంది.

"ఏం చెప్పినాడు నాయనా డాక్టరు?"

"పొగ పడదంట అత్తా."

"ఏం పొగ?"

నా చూపు పొయ్యి మీద పడింది. "కట్టెల పొగ."

"అయ్యో, బిడ్డకి నేనే ఎసరు పెడతా ఉండానా?"

"గ్యాసు మీద కాచమని ఎన్నిసార్లు చెప్పినానమ్మా! ఇంటేనా నువ్వు?" అంది నా భార్య.

 అవ్వ కాగుతున్న ఆ నీళ్లనే తీసి పొయ్యిలో కుమ్మరించింది. బుస్సుమని ఆవిరి లేచింది. అప్పుడైనా నోరు తెరిస్తే సరిపోయేది. తెరవలేదు.

కొన్నాళ్లకే ఆమె దుత్తలూరులో కొడుకు దగ్గరికి వెళ్లిపోయింది. ఎప్పుడైనా చూడడానికి వస్తే వాకిట్లోనే ఆగి, తొట్టి దగ్గర మోచేతుల దాకా కడుక్కుని, చీర మార్చుకున్నాకే పాపను దగ్గరికి తీసుకునేది. తన ఒంటికి పొగ వాసన అంటుకుని ఉంటుందని ఆమె భయం.

పొయ్యి ఆరినా ఆయాసం ఆరలేదు. ఆకు ఇంట్లో ఉన్న నెలల్లోనే ముదిరేది. నా భార్య ఊదొత్తులు మానేసింది, తాలింపు కూడా పెరట్లోనే పెట్టేది. ఇంకేం మానాలో తెలియక నన్నే అడిగేది. నేను పాప చేత వేళకు ఆయాసం మందు పంపు పీల్పించేవాణ్ని. మంచి తండ్రిననే అనుకునేవాణ్ని. కట్టెల పొగ కూడా చెడ్డదే కదా, నేను చెప్పింది పూర్తిగా అబద్ధం కాదు కదా అని ఎన్నిసార్లు సర్దిచెప్పుకున్నానో. మరి డాక్టరు అన్న మాట ఎందుకు చెప్పలేదు? 

ఈ ఏడు పాప నెల్లూరులో కాలేజీ హాస్టల్లో చేరింది. సెలవులకు వచ్చి, అన్నం తింటూ, "అమ్మా, ఆడ పంపు తీసే పనే పడలా" అంది నవ్వుతూ. మర్నాడు పొద్దున నడిమింట్లో గోడకు ఆనుకుని, భుజాలు ఎగరేస్తూ, పంపు కోసం చెయ్యి చాచింది. అదే ఈల.

అది కుదుటపడ్డాక ఇద్దరి ముందూ చెప్పేశాను. పాప మండె వైపు చూసి తల దించుకుంది. నా భార్య, "నాకు చెప్పేదేంది? పోయి మాయమ్మకి చెప్పు" అంది.

ఆ పూటే ఆకంతా కొట్టానికి తరలించాను. అక్కడ పొడైతే అయిపోనీ అనుకున్నాను. తర్వాత దుత్తలూరు వెళ్లాను. అవ్వ అంతా వింది.

"అయితే నా పొయ్యి కాదా?"

"డాక్టరు దాని మాటే ఎత్తలేదు అత్తా."

క్షమించమని అడగలేదు. అడిగే ముఖం లేదు. చెప్పాక మాత్రం ఊపిరి తిరిగినట్టు అనిపించింది. ఊపిరి అన్న మాట వాడే హక్కు కూడా నాకు లేదు.

ఆమె నన్ను తిట్టలేదు. "బిడ్డ ఇంట్లో ఉండాదా?" అని మాత్రం అడిగి, వచ్చి బండెక్కింది.

మా వాకిట్లో దిగి అలవాటుగా తొట్టి వైపు నడిచింది. "ఇంక అక్కర్లేదు అత్తా" అన్నాను. ఆమె నా వైపు చూడలేదు. మోచేతుల దాకా కడుక్కునే లోపలికి వెళ్లింది.