తొమ్మిది ఖాళీలు

ఏడంతస్తుల పార్కింగు మేడ కింద గాజు గదిలో ఆయన ఇరవై ఆరేళ్ళుగా కూర్చుంటున్నాడు. తోటివాళ్ళు పెట్టిన పేరు ‘నిండింది బాబాయి’. లోపల ఇంకా చోటుండగానే వీధి వైపు బోర్డు మీద ‘నిండింది’ అని వెలిగించేస్తాడని ఆ పేరు. భార్య కూడా వదిలేది కాదు. “కంచం ముందూ ఇదే వరస. ఇంకో నాలుగు ముద్దలకి చోటుండగానే లేచిపోతారు,” అనేది.

ఆ సోమవారం పొద్దున ఆయన కంచం ముందు కూర్చోనే లేదు. జేబులో మెమో ఉంది. మేడలో ప్రతి స్లాటు పైనా కొత్తగా దీపాలు పెట్టారు. కారుంటే ఎరుపు, లేకుంటే ఆకుపచ్చ. ఆ లెక్క తిన్నగా నగర పార్కింగు కార్యాలయానికి పోతుంది. నెల తిరిగేసరికి వాళ్ళకు ఒక సంగతి తేలింది: ఈయన రోజూ తొమ్మిది స్లాట్లు ఖాళీగా ఉండగానే జనాన్ని తిప్పి పంపేస్తున్నాడు. తెలిసినవాళ్ళ కోసం దాస్తున్నాడేమోనని అనుమానం. స్వయంగా వచ్చి సంజాయిషీ చెప్పుకోవాలి, లేదా గాజు గది వదులుకోవాలి.

“ఉన్నదున్నట్టు చెప్పండి,” అంది భార్య, కాలరు సరిచేస్తూ. “మీకు అవసరానికి నోరు పెగలదు. నా భయమల్లా అదే.”

“చెప్పడానికేముంది? అందరూ చేసేదేగా నేనూ చేసింది.”

నిజంగానే అలా అనుకున్నాడాయన. ఉద్యోగంలో చేరిన రెండో ఏడు, వానాకాలం పొడుగునా, గాజు గది వెనక గోడ మీద సుద్దముక్కతో గీతలు పెట్టాడు. ఎన్ని స్లాట్లు మిగిలినప్పుడు పైనుంచి మొదటి హారన్ వినబడుతుందో చూద్దామని. పన్నెండు మిగిలితే చప్పుడు లేదు. పది, తొమ్మిది, అప్పుడూ లేదు. ఎనిమిదికి దిగిందా, నాలుగో అంతస్తు మలుపులో ఎవరో ఒకరు కయ్యిమనిపించేవారు. ఐదో అంతస్తులో స్తంభాల చాటు ఖాళీలు ఎక్కేవాళ్ళకు కనబడవు. వెతికేవాడు నెమ్మదిస్తాడు. బయల్దేరబోతున్న కారేదైనా కంటబడితే అక్కడే పాతుకుపోతాడు. ఎక్కే ర్యాంపు ఒక్క కారు వెడల్పు. వాడి వెనక ఇంకొకడు, వాడి వెనక ఇంకొకడు.

తొమ్మిదని తేలాక గోడ తుడిచేశాడు. ఎవరితోనూ అనలేదు. ప్రతి మేడలోనూ ఎవరి లెక్క వాళ్ళు చూసుకునే ఉంటారనుకున్నాడు.

కార్యాలయంలో హాలు తలుపు తోసి అడుగుపెట్టినవాడు పెట్టినట్టే ఆగిపోయాడు. ఎదుట గోడంత తెర, దాని నిండా ఊరే. వీధులు సన్నటి తెల్ల గీతలు. బస్సులు కదిలే నీలం గింజలు. పార్కింగు స్థలాలు అరవైకి పైగా చుక్కలు. అవి నిండేకొద్దీ ముదురుతున్నాయి. స్టేషను పక్క చుక్క పలచబడుతుంటే ఆఫీసుల వైపు చుక్కలు చిక్కబడుతున్నాయి. ఒకరు చెప్పింది లేదు, ఒకరు తోసింది లేదు. నిద్రపోయే పసిబిడ్డ పొట్టలా ఊరు మెల్లగా లేస్తోంది, దిగుతోంది. ఇంత ఊపిరికి తానొక ముక్కుపుట దగ్గర కాపలా ఉన్నాడన్నమాట, ఇన్నేళ్ళూ.

“మీ మేడ ఎక్కడుందో కనిపెట్టారా?” అని అడిగింది అధికారిణి. నలభై దాటని మనిషి.

ఆయన వేలు చాచి, ముట్టుకోవచ్చో లేదోనని వెనక్కి తీసుకున్నాడు.

“ముట్టుకోండి, కరవదు,” అన్నాడు మీటల ముందు కూర్చున్న ఆపరేటరు.

“ఆ తొమ్మిదీ ఎవరి కోసమండీ?” అంది అధికారిణి.

“ఎవరి కోసమూ కాదు మేడమ్. మేడ కోసమే.”

“మేడకెందుకు?”

“మసలడానికి.” అంతకు మించి మాట పెగల్లేదు.

ఆమె నిట్టూర్చి ఆపరేటరు వైపు తిరిగింది. “బోర్డు ఇక్కడినుంచే మార్చెయ్. నిజం లెక్క చూపించు. తొమ్మిది మందికి చోటు దొరుకుతుంది.”

“వద్దు మేడమ్, ఇప్పుడు పదకొండు గంటల వేళ...” అని ఆయన అంటుండగానే మీట నొక్కడం అయిపోయింది.

చుక్క పక్కన తొమ్మిది ఎనిమిదైంది. ఏడు. ఆరు. ఐదు దగ్గర అంకె నిలబడిపోయింది.

“లోపలికి పద్నాలుగు వెళ్ళాయే,” అన్నాడు ఆపరేటరు.

చుక్క లోంచి ఎర్రటి దారం ఒకటి బయటకొచ్చింది. వీధి చివరికి పాకింది. కూడలిలో రెండుగా చీలింది. నీలం గింజలు ఒకదాని వెనక ఒకటి ఆగిపోయాయి. పన్నెండు నిమిషాలకు ఎరుపు వంతెన ఎక్కింది, దిగి ఆసుపత్రి వీధిలోకి తిరిగింది. నాలుగో అంతస్తు మలుపు దాకానే తెలుసు ఆయనకి. ఆ హారన్ ఇంత దూరం పోతుందని ఎన్నడూ ఊహించలేదు.

“ఆపమ్మా. ఆసుపత్రి దారి అది,” అన్నాడు, మేడమ్ అనడం మరిచిపోయి.

బోర్డు మళ్ళీ ‘నిండింది’ అని వెలిగించారు. ఎరుపు మాత్రం కదలలేదు. ఆమె ఆయన వైపు చూసింది. “ఇప్పుడేం చెయ్యాలి?”

ఆయన ఫోనందుకుని తన బదులు కూర్చున్నవాడిని పిలిచాడు. ఇప్పుడు నోరు తడబడలేదు. “ఐదో అంతస్తుకి పరిగెత్తు. స్తంభాల వెనక మూడున్నాయి, ముందున్న మూడు కార్లనీ చేత్తో చూపించి దూర్చు. మిగతావాళ్ళని పైదాకా ఎక్కించి, అటునుంచటే దింపెయ్. ఒక్కణ్ణీ నిలబడనివ్వకు.”

“నువ్వు లేకపోతే ఒక్క పూట నడవదని చూపించడానికా బాబాయ్ వెళ్ళింది?” అన్నాడు అవతలివాడు రొప్పుతూ.

ఎరుపు వెనక్కి మళ్ళడానికి నలభై నిమిషాలు పట్టింది. తర్వాత ఆమె మెమో అడిగి తీసుకుని, దాని అడుగున ‘సంజాయిషీ చూశాను. ఈ మేడ బోర్డు ఈయన చేతిలోనే ఉండాలి’ అని రాసి సంతకం పెట్టింది.

“మిగతా మేడల్లో ఎన్ని వదలాలంటారు?”

“నాకేం తెలుసమ్మా? అక్కడ కూర్చునేవాళ్ళని అడగండి. వాళ్ళకు తెలిసే ఉంటుంది.”

ఆమె గోడ వైపు చూసింది. అక్కడక్కడ మరో అయిదారు చుక్కల నుంచి ఎర్ర దారాలు వేలాడుతున్నాయి.

“రోజూ ఈ వేళకి ఇంతే. ఊరన్నాక అంతేనేమో అనుకున్నాం,” అన్నాడు ఆపరేటరు.

“మీరిక వెళ్ళొచ్చు,” అంది ఆమె, గొంతు తగ్గించి.

ఆయన కదల్లేదు. “ఇంకాసేపు చూడొచ్చాండీ?”

ఆమే ఒక కుర్చీ లాగి వేసింది. మధ్యాహ్నమవుతోంది. ఆఫీసుల చుక్కలు పలచబడి, బజారు వైపువి చిక్కబడడం మొదలైంది. జేబులో ఫోను మోగింది. భార్య.

“ఏమన్నారు?”

“ఏమీ లేదు. ఉద్యోగం ఉంది.”

“మరి వచ్చెయ్యక అక్కడేం చేస్తున్నారు?”

“ఉండు,” అన్నాడు గోడ మీంచి కళ్ళు తిప్పకుండా. “ఊరు చూస్తున్నాను.”