ఎలుగుబంటికి చెప్పిన పథ్యం

ఇంకొకరి పళ్లెంలో ఏముండాలో నిర్ణయించే హక్కు మీకెవరిచ్చారు? నన్నీ ప్రశ్న సకాలంలో ఎవరైనా అడిగి ఉంటే, ఒక తెల్లవారుజామున ములకలపల్లి అడవి అంచున నా ప్రాణం గొంతులోకి వచ్చేది కాదు.

అప్పుడు నేను డిగ్రీ రెండో సంవత్సరం. డిబేట్లలో గెలిచిన కప్పులు అల్మారాలో సగం, తలకెక్కినవి సగం. నాన్న బొగ్గు గని కార్మికుడు. పొట్ట పెరిగింది, షుగరు వచ్చింది. "నెలలో బరువు తగ్గకుంటే గనిలోకి దింపం" అన్నాడు డాక్టరు. గని లేకపోతే మా ఇల్లు లేదు. కనుక నేను రంగంలోకి దిగాను.

ఒక పత్రిక అన్నం విషమంది, తీసేశాను. ఇంకొకటి గోధుమలూ అంతేనంది, రొట్టె తీసేశాను. టీవీలో ఒకాయన గుడ్డు వద్దన్నాడు, మరొకాయన గుడ్డే తినమన్నాడు. ఉభయపక్షాలనూ గౌరవించి పచ్చసొన తీసేశాను. అయితే అమ్మ వంట దించగానే ప్రార్థన చేస్తుంది. ప్రార్థించిన అన్నం పారేస్తే మా ఇంట్లో పాపం. అందుచేత నాన్న పళ్లెంలో ఓడిపోయిన ప్రతి పదార్థాన్నీ, కేవలం సిద్ధాంతం కోసం, నేనే తిన్నాను.

"ఇగ నాకు మిగిలిందేందిరా, నీళ్లా?"

"నీళ్ల మీద గూడ రెండు అభిప్రాయాలున్నయ్ నాన్నా."

నాన్న మాత్రం రోజూ వేకువనే నడకకు వెళ్లి, అనుమానాస్పదమైన సంతోషంతో తిరిగొచ్చేవాడు. దొంగతిండి! వైద్యపరీక్ష రోజున వెంబడించాను.

ఇప్పపూల కాలం. పూలు ఏరడానికి వీలుగా చెట్ల కింద ఆకులు కాల్చారు. నల్లటి బూడిద మీద పాలిపోయిన పూలు, ఊడిన దంతాల్లా. నిలువెత్తున పొగ కదలక నిలిచింది. ఒక్క పక్షి కూయలేదు. టప్... టప్... పూలు రాలుతుంటే, ఎవరో ఆగి ఆగి నా వెనకే అడుగు వేస్తున్నట్టుంది. నాన్న రోడ్డు దిగి ఆ పొగలో మాయమయ్యాడు.

అప్పుడు వినిపించింది నమిలే చప్పుడు. చెట్టు మొదట్లో, నల్ల గొంగడి కప్పుకున్నట్టు, విశాలమైన వీపు.

"దొరికినవ్ నాన్నా! ఇప్పపువ్వంత తీపి, షుగరున్నోళ్లు తినొచ్చా? మొదటి అంశం..."

నమలడం ఆగింది. మూడో అంశం దాకా నేనాగలేదు.

"అరేయ్," నా వెనక నుంచి నాన్న గొంతు, చాలా మెల్లగా. "కదలకు. నేనిక్కడున్న."

వీపు తిరిగింది. రెండు కాళ్ల మీద లేచింది. పొడుగాటి మూతి నా వాదనను వాసన చూసింది. ఎంతసేపో తెలియదు. తర్వాత, నచ్చలేదన్నట్టు ఒక్కసారి బుస్సుమని, పొగలోకి వెళ్లిపోయింది.

"ఎలుగ్గొడ్డుకు ఏం జెప్తున్నవ్ బిడ్డా?" అంది నాన్న పక్కన పూలేరే జోగమ్మ. ఆమె చేతిలో జొన్న అంబలి గిన్నె. రోజూ నడిచొచ్చి నాన్న తాగేది ఆ ఒక్క గిన్నెడే.

భయపడాలని ఆలస్యంగా గుర్తొచ్చి పరుగెత్తాను. మడమ మెలిపడింది. నాన్న రోడ్డు దాకా నన్ను మోసి, ఆటోలో గని దవాఖానాకు చేర్చాడు. అక్కడ నర్సమ్మ ఇద్దరినీ తూకం ఎక్కించింది. నాన్న అయిదు కిలోలు తగ్గాడు, గనిలోకి దిగొచ్చు. నేను తొమ్మిది పెరిగాను.

"పథ్యం జేసిందెవరు?" అంది నర్సమ్మ.

"నేను నడిచిన," అన్నాడు నాన్న. "వీడు వాదించిండు."

ఎదుటి ప్రాణిని ముఖాముఖి చూడనిదే ఇక దాని ఆహారంపై ప్రసంగించనని కప్పుల సాక్షిగా శపథం చేశాను. మీకు నా విన్నపం ఒక్కటే: ఈ పూట ఇంట్లో ఎవరి పళ్లెంలోకైనా వేలు చాపే ముందు, దయచేసి మీరొకసారి తూకం ఎక్కిరండి.