మల్లెలు ఆలస్యమైన వేసవి

భిలాయి సెక్టర్ 7లో మా క్వార్టరు పెరట్లో పూలకి కూడా షిఫ్టులుండేవి. పొద్దున్న ఎండ చురుక్కుమనగానే గోడవార నాచుపూలు ఎర్రగా, పసుప్పచ్చగా విచ్చుకునేవి. మధ్యాహ్నానికి అవి ముడుచుకుపోతే, నాలుగు దాటాక చంద్రకాంతలు డ్యూటీ ఎక్కేవి. సందెవేళకి మల్లెల వంతు. ఈ మాట మా నాన్నది. ఆయన స్టీల్ ప్లాంటులో కోక్ ఓవెన్స్‌లో పనిచేసేవాడు, లోకంలో దేన్నయినా షిఫ్టుల లెక్కలోనే చూసేవాడు.

ఆ వేసవి మధ్యాహ్నాలు నాకిప్పటికీ కలలాగే గుర్తొస్తాయి. కిటికీకి కట్టిన వట్టివేళ్ళ తడికె మీద అమ్మ నీళ్ళు చిలకరించేది. బయట వడగాలి ఈల వేస్తుంటే, వీధి చివరి గుల్‌మొహర్ చెట్టు రేకులు దొర్లుకుంటూ వచ్చి మా గడప దగ్గర ఆగేవి. సగం నిద్రలో అంతా ఎర్రగా కనబడేది. అది పూల ఎరుపో, ప్లాంటు వైపు ఆకాశమో, నా రెప్పల లోపలి రంగో తెలిసేది కాదు. ఆ తడివేళ్ళ వాసనలో పడుకుని నా జడ కొసని పెదాలకి రాసుకుంటూ ఉండేదాన్ని. అప్పుడు నాకు పదకొండేళ్ళు, జడ నడుము దాటింది.

ఆ జడ నాది కాదు. కిందటేడు వానల్లో నాకు టైఫాయిడ్ వచ్చినప్పుడు, పిల్ల లేచి తిరిగితే వచ్చే వేసవిలో తలనీలాలిస్తానని అమ్మ సింహాద్రి అప్పన్నకి మొక్కుకుంది. నేను లేచి తిరిగాను. జబ్బుకి కూడా ఊడని జుట్టుని నన్నడక్కుండా ఇచ్చేసిందని అమ్మ మీద పీకలదాకా కోపం. దేవుడి మీద కోపం తెచ్చుకునే ధైర్యం లేక ఆయన వాటా కూడా అమ్మ మీదే వేశాను.

అమ్మకి అది తెలుసు. మా ముందుగదిలో గోడ మీద ఆవిడ చిన్నప్పటి ఫొటో ఒకటుండేది. శ్రీకాకుళంలో తీయించింది. పరికిణీ కట్టుకుని నిలబడ్డ పిల్ల, వెనకాల నిలువుటద్దం, ఆ అద్దంలో తలనించి నడుం దాకా కుట్టిన పూలజడ. "జుట్టిచ్చీసే ముందు గుంటకి ఒక్కపాలి పూలజడేసి ఇలాగే ఫొటో తీయించాల. మన పెరట్లో పూలతోనే," అంది నాన్నతో. నాకు వినబడాలనే కొంచెం గట్టిగా అంది.

పూలజడంటే మూర పూలతో అయ్యేది కాదు, బుట్టెడు మొగ్గలు కావాలి. బజార్లో మొగ్రా పేరుతో అమ్మే బెత్తెడు మల్లెదండలు తప్ప దొరికేవి కావు. పక్కింటి పంజాబీ ఆంటీ తన పొద మొత్తం కోసుకోమంది. అమ్మ నవ్వి తలూపింది గానీ ఒక్క మొగ్గా కోయలేదు. మా పెరట్లో నాలుగు మల్లెపొదలున్నాయి. వాటి అంట్లని పుట్టింటి నుంచి తడి గోనెసంచిలో చుట్టి, రైల్లో ఒళ్ళో పెట్టుకుని తెచ్చుకుంది ఆవిడ.

మాఘమాసంలో ఆ పొదల ఆకులన్నీ దూసేసి, కొన్నాళ్ళు నీళ్ళు మానేసింది. మల్లెని అలా కాస్త ఏడిపిస్తేనే వేసవిలో విరగబూస్తుందట, వాళ్ళమ్మ చెప్పిందట. నాన్నకి ఆ ఏడిపించడం నచ్చలేదు. కోక్ ఓవెన్ల గ్యాసులోంచి తీసే తెల్లటి ఎరువు ఒకటుండేది, అమ్మోనియం సల్ఫేటు, చూడ్డానికి పంచదారలా ఉండేది. తోటలున్న వాళ్ళందరూ కొనుక్కున్నట్టే ఆయనా ఒక చిన్న సంచి కొన్నాడు. అమ్మ మళ్ళీ నీళ్ళు పెట్టడం మొదలెట్టిన వారంలో, ఆవిడ వంటింట్లో ఉండగా, ఆయన పెద్ద చెంచా పట్టుకుని పెరట్లోకి వెళ్ళడం నేను చూశాను.

"అమ్మకి చెప్పకేం. పూసినాక తనే చూస్తాది," అన్నాడు. ఆయన మొహం పండగరోజు మొహంలా ఉంది. అమ్మతో రెండు మంచి మాటలు అనడం చేతకాని మనిషి, తను పుట్టించే ఎరువుతోనైనా ఆవిడ కోరిక తీర్చాలనుకున్నాడు. అది మా ఇద్దరి రహస్యమైంది. వారం వారం చెంచాలు పడ్డాయి.

పొదలు రెచ్చిపోయాయి. ఆకులు నల్లగా నిగనిగలాడుతూ తమలపాకులతో పోటీకి దిగాయి. ఏప్రిల్ వచ్చింది. సందె పడితే మా క్వార్టర్ల లైనంతా పక్కిళ్ళ మల్లెల వాసనే. మా పెరట్లో మాత్రం ఒక్క మొగ్గ లేదు. అమ్మ రోజూ పొద్దున్నే ఆకుల్ని ఎత్తి ఎత్తి చూసేది. ఒకరోజు "ఈ ఊరి మట్టి మంది కాదు," అంది. ఆ మట్టిలో పుట్టిన పిల్లని నేనొకత్తిని పక్కనే ఉన్నానని ఆవిడకి తట్టలేదు, నాకు చివుక్కుమంది. ఇంకోరోజు మరీ నీరసంగా, "ఇచ్చీసిన జుట్టుకి మళ్ళీ సింగారాలేటని అప్పన్నకి కోపమొచ్చిందేటో," అంది.

అప్పుడైనా నేను చెప్పాల్సింది. చెప్పలేదు. కొంచెం నాన్న కోసం, ఎక్కువగా కోపం కోసం. నా జుట్టు పోతుంటే ఆవిడ పూలు మాత్రం ఎందుకు పూయాలి అనుకున్నాను. ఇప్పటికీ ఆ మాట తలుచుకుంటే సిగ్గేస్తుంది.

రిసాలి వైపు నుంచి తోటకూర గంపతో ఒక ముసలామె వచ్చేది. ఏప్రిల్ సగంలో ఒక పొద్దున్న ఆమె గంప దించి, పొదల వైపు చూసి బుగ్గలు నొక్కుకుంది. "అబ్బడ్ హరియర్! కా ఖాతూ డారే హస్, దాయీ?" అంది. ఎంత పచ్చగా ఉన్నాయి, ఏం ఎరువేశావమ్మా అని. అమ్మ ఏమీ వేయలేదంది. ముసలామె వంగి, మొదట్లో మట్టి మీద తెల్లగా మిగిలిన పలుకులు వేళ్ళతో తీసి చూపించింది. ఇది మేం తోటకూరకి వేస్తాం, ఇది ఆకునే ఇస్తుంది, పువ్వునివ్వదు అని తన భాషలో నవ్వుతూ చెప్పింది.

మధ్యాహ్నం నాన్న ఎ షిఫ్టు దిగి వచ్చి బూట్లు విప్పుతుంటే అమ్మ అడిగింది.

"ఏటండీ, ఎన్ని చెంచాలేసినారు?"

నాన్న చెయ్యి బూటులేసు మీదే ఆగిపోయింది. "వారానికి రెండు."

"నాలుక్కీ కలిపా?"

"ఒక్కోదానికి." లేసు వదిలేసి, "బాగా తిండెడితే బాగా పూస్తాయనుకున్నాను," అన్నాడు.

అమ్మ నా వైపు తిరిగింది. "నీకు తెలుసునేటే?"

తలూపాను. ఆ రోజు మా ఇద్దరితోనూ మాట్లాడలేదు. మర్నాడు తెల్లారేసరికి పొదల దగ్గర గొంతుక్కూచుని మట్టి మార్చి, ఆకులు మళ్ళీ దూస్తోంది. నేనూ వెళ్ళి పక్కన కూచుని దూశాను. వేళ్ళు పచ్చబడ్డాయి. "కొమ్మ విరక్కుండా లాగు," అంది కొంతసేపటికి. మా ఇంట్లో క్షమించడం అలాగే ఉండేది.

మే చివర్లో మా ప్రయాణం నాటికి మొగ్గలు వచ్చాయి, బియ్యపుగింజలంత. రానూ పోనూ టికెట్లు ఎప్పుడో రిజర్వు అయిపోయాయి. నాన్నకి సెలవు దొరకలేదు. గేటు దగ్గర అమ్మ ఆ మొగ్గల్ని చివరిసారి చూసుకుని, "నీళ్ళు మరవకండి," అని మాత్రం అంది.

అప్పన్న కొండ మీద మంగలి నా జుట్టు తడిపి కత్తి పెట్టబోతుంటే అమ్మ నా జడ కొస పట్టుకుని వదల్లేదు. అతను రెండుసార్లు చెప్పాక వదిలింది. తర్వాత నా గుండుకి గంధం రాస్తూ, చుట్టూ జనం ఉన్నారన్న ధ్యాస లేకుండా వెక్కి వెక్కి ఏడ్చింది. నా కోపం అక్కడే పోయింది. ఈవిడకి నాకంటే ఎక్కువ పోయిందని అర్థమైంది.

అమ్మమ్మగారింట్లో కొన్నాళ్ళుండి, పదిహేను రోజులకి తిరిగొచ్చాం. నాన్న తలుపు తీసి పక్కకి జరిగాడు. వెనక వరండాలో బట్టల తీగ మీద వరసగా పన్నెండు మల్లెదండలు వేలాడుతున్నాయి. ఈ చివరది తెల్లగా, తడిగా ఉంది. పక్కవి పసుపు తిరిగి, ఆ పైవి గోధుమరంగుకొచ్చి, ఆ చివరది ఎండి కాఫీపొడి రంగులో ఉంది. మేం వెళ్ళిన మూడోనాటి నుంచీ పూయడం మొదలెట్టాయట. మొగ్గలు సాయంత్రం కోయాలి కదా, అందుకని రాత్రి దాకా ఉండే బి షిఫ్టులన్నీ ఎవరితోనో మార్చుకున్నాడట. కట్టడం రాదు కాబట్టి బొంతలు కుట్టే సూదితో గుచ్చాడు. బొటనవేలి నిండా పోట్లు.

"కోయకపోతే రాలిపోతాయి. మీరొచ్చీవరకూ ఆగవు కదా," అన్నాడు. తప్పు చేసినవాడిలా నా గుండు వైపు చూడకుండా అన్నాడు.

అమ్మ ఆ దండల్ని ఒక్కొక్కటే జాగ్రత్తగా దించి, నల్లబట్ట పేలిక మీద పైనుంచి కిందకి వరసగా కుట్టింది. తాజాది పైన, ఎండినవి కిందకి. సాయంత్రానికి జడంత పొడుగు తేలింది. దాన్ని రిబ్బనుతో నా గుండుకి కట్టి, ముగ్గురం బజారులో స్టూడియోకి నడిచాం. దారిలో ఎవరో నవ్వారు. నాకు ఆ రోజు ఎవరు నవ్వినా లెక్కలేదు, మెడ మీద చల్లగా పూలున్నాయి.

స్టూడియోలో నిలువుటద్దం లేదు. గోడకున్న చిన్న అద్దం తీసి నాన్నే నా వెనక పట్టుకున్నాడు. ఫొటోలో గుండుతో ఒక పిల్ల, అద్దంలో పైన తెల్లగా కిందకి నల్లబడుతూ పూలజడ, అద్దం అంచున నాలుగు వేళ్ళు, ఒక బొటనవేలు వచ్చాయి. ఆ వేళ్ళు బాలేవు, కత్తిరించి ఇస్తానన్నాడు ఫొటోగ్రాఫరు. హిందీలో రెండు మాటలు కూడబలుక్కోవడానికి రోజూ తడబడే మా అమ్మ, అలాగే ఉండనివ్వమని ఆ ఒక్కసారి తడుముకోకుండా చెప్పింది.

"రహ్‌నే దీజియే, భయ్యా."