అరగంట మిగిల్చే కారు

ఒకచోట నిలకడగా కూర్చోవడం నాకు చిన్నప్పటి నుంచీ చేతకాదు. బస్సు కోసం నిలబడితే నాలుగడుగులు రోడ్డు మీదికి పోయి తొంగిచూస్తాను. డాక్టరు దగ్గరికి పోతే లోపలున్న మనిషికి ఎంతసేపయిందో లెక్కపెడుతూ తలుపు ముందే తిరుగుతాను. అలాంటి నేను పదకొండేళ్ళుగా రోజుకు నాలుగైదు గంటలు కారు సీట్లో కూర్చుంటున్నాను. మేడ్చల్ దగ్గర ఒక మందుల ఫ్యాక్టరీలో యంత్రాల మరమ్మతు నా పని. వికారాబాద్‌లో బయలుదేరి నవాబుపేట, శంకర్‌పల్లి దాటి రింగు రోడ్డు ఎక్కితే ఇక మేడ్చల్ దాకా ఎక్కడా సిగ్నలు ఉండదు. పోను తొంభై కిలోమీటర్లు, రాను తొంభై.

ఇల్లు మారుద్దామంటే వీలుకాదు. నా భార్య నవాబుపేట మండలంలో సర్కారు బడి టీచరు. మా అమ్మాయి వికారాబాద్‌లోనే తొమ్మిదో తరగతి చదువుతోంది. ఇద్దరికీ ఇక్కడే నడుస్తున్న బతుకుంది. అంత దూరం పోయేది నేనొక్కణ్ణే కాబట్టి తిరిగేదీ నేనే అని మొదట్లోనే అనుకున్నాం.

మొన్న ఎండాకాలంలో ఒకరోజు ఎనిమిది దాటాక ఇంటికి చేరి, కాళ్ళు కడుక్కుని తినడానికి కూర్చున్నాను. అన్నం వడ్డిస్తూ నా భార్య మెల్లగా మొదలుపెట్టింది.

"నేనొకటి చెప్త, కోపం జేసుకోకు. నువ్వు ఆడనే రూమ్ తీసుకో. సోమవారం పోయి శనివారం రా."

"రోజు వస్తనే ఉన్న గదా?"

"వస్తున్నవు. తిని పండుకునేటందుకు వస్తున్నవు. గా మాత్రం దానికి పానం మీదికి ఎందుకు తెచ్చుకునుడు?"

నాకు కోపమే వచ్చింది. కోపం కన్నా భయం ఎక్కువ వేసింది. మా ఫ్యాక్టరీలో రూములు తీసుకున్నవాళ్ళను చూశాను. మొదట ప్రతి శనివారం ఉరుక్కుంటూ ఇంటికి పోతారు, తర్వాత రెండు వారాలకోసారి, ఆ తర్వాత పండుగకు. నేను కూడా అలా అయిపోతానని, కొన్నాళ్ళకు మా ఇంటికే నేను చుట్టాన్నవుతానని అనిపించింది. ముద్ద నోట్లో పెట్టుకోకుండానే అనేశాను.

"కారు మారుస్త. జబర్దస్త్ కారు తీసుకుంట. రోజు ఏడున్నరకల్లా ఇంట్ల ఉంట. దీపావళి దాక చూడు. అప్పటికి గిట్లనే ఉంటే నువ్వు చెప్పినట్టే రూమ్ తీసుకుంట."

ఆమె సరేనంది. నమ్మిందని మాత్రం అనుకోను.

నా పాత కారు చిన్నది. రింగు రోడ్డు ఎక్కే దారిలో దాని కష్టం చూడలేకపోయేవాణ్ణి. వెనక నుంచి లారీలు హారన్లు కొట్టుకుంటూ వస్తుంటే, నేను ఏసీ బంద్ చేసి, యాక్సిలరేటరును నేలదాకా తొక్కిపట్టి, సీట్లో ముందుకు వంగి నేనే తోస్తున్నట్టు కూర్చునేవాణ్ణి. శంకర్‌పల్లి నుంచి ఇటు వచ్చే సన్నటి రోడ్డులో ఇంకా అన్యాయం. ఎదురుగా ఖాళీ దొరికినా ముందున్న ట్రాక్టరును దాటే దమ్ము దానికి ఉండేది కాదు. అసలు టైమంతా పోయేది అక్కడే. కాబట్టి నాకు కావలసింది దమ్ము. తొక్కిన మరుక్షణం ఉరకాలి, వంద మీద గంటసేపు నడిపినా మూలగకూడదు.

రెండు నెలలు నాకు తిండి సయించలేదు. భోజనాల వేళ ఫోన్‌లో కార్ల వీడియోలు చూస్తూ పెరుగన్నంలో సాంబారు పోసుకున్నాను. టర్బో లేని పెద్ద ఇంజనా, గాలి ఎక్కించి బలం పెంచే ఆ టర్బో ఉన్న చిన్న ఇంజనా, టర్బోతో పాటు పెద్దది కూడానా అని ఒకరోజు ఒకటి ఖాయం చేసుకునేవాణ్ణి, మర్నాడు ఇంకొకటి. సెలవురోజు షోరూముకు పోయి అదే కారులో మూడుసార్లు ఎక్కి దిగేసరికి, అక్కడి సేల్స్ మేడమ్ "సార్, కారే మీ ఇంటికి పంపిస్తాం, తీరిగ్గా నడుపుకోండి" అని చేతులెత్తి దండం పెట్టినంత పని చేసింది.

నడిపి చూడటానికి ఆ కారు ఇంటికి వచ్చే రోజుకు మా నాయిన తాండూరు నుంచి పొద్దున రైల్లో దిగాడు. ఆయన ముప్ఫై ఏళ్ళు బండల లారీ నడిపాడు. తాండూరు నాపరాళ్ళను లారీలో పడుకోబెట్టరు, నిలువుగా ఒకదానికొకటి ఆనించి, మధ్యన గడ్డి కుక్కి నిలబెడతారు. గుంతలో చక్రం దిగిందంటే వరస వరసంతా పగులుతుంది. అందుకని ఆయన జీవితంలో నలభై దాటి పోలేదు. అలాంటి మనిషిని వేగం కారు చూడటానికి పిలవడమేమిటని మీరు అడగవచ్చు. ఆయన సరే అనకుండా మా ఇంట్లో చక్రాలున్న వస్తువేదీ కొనలేదు, చివరికి అమ్మాయి సైకిలు కూడా.

ఆయన కారు చుట్టూ తిరిగి, బానెట్ మీద అరచెయ్యి పెట్టి, కళ్ళు మూసుకుని కాసేపు నిలబడ్డాడు.

"డీజిలేనా?"

"పెట్రోలు నాయినా."

"పెట్రోలా? గంత దూరానికి పెట్రోలు బండి ఎవడన్న తీసుకుంటడారా?"

"పొద్దుమూకులు తిరిగెటోన్ని నేనాయె. ఆ దడదడ నా చెవులకు వద్దు. గిది సప్పుడు చెయ్యదు, తొక్కంగనే ఉర్కుతది."

"ఉర్కుడు గాదు, లాగుడు చూడాలె. గుట్టకు నడువు."

అనంతగిరి గుట్ట ఎక్కేటప్పుడు మూడో గేరు మార్చకూడదని ఆయన షరతు. లారీవాళ్ళ పరీక్ష అది. మలుపులో బండి నెమ్మదించాక గేరు దించకుండా మళ్ళీ అందుకుంటే దానికి లాగుడు ఉన్నట్టు. మొదటి మలుపులో కారు ఒక్క క్షణం ఊపిరి పీల్చుకున్నట్టు ఆగి, తర్వాత మమ్మల్ని సీట్లకు అదిమేసి పైకి లేచింది. రెండో మలుపు దగ్గర నాయిన ముందున్న పిడిని రెండు చేతులా పట్టుకుని "సాకు, సాకు!" అన్నాడు. సరిహద్దు అవతలి గనుల్లో ఏళ్ళ తరబడి లోడెత్తించుకున్న మనిషికి కంగారులో చాలు అనే మాట కన్నడంలోనే వస్తుంది. దిగాక మాత్రం పెద్దమనిషి తరహాలో గొంతు సవరించుకున్నాడు.

"తీస్కో. కానీ గిండ్ల టర్బో ఉన్నది. ఉర్కిచ్చి వచ్చి టక్కున బంద్ చెయ్యకు. జరసేపు ఇంజన్ను ఊకె తిరగనియ్యి, సల్లారినంక బంద్ చెయ్యి. మేం గట్లనే చేసెటోళ్ళం."

అలా ఎర్ర రంగు టర్బో పెట్రోలు కారు మా గుమ్మంలోకి వచ్చింది. నా సంతోషం దాచుకోను. రింగు రోడ్డు మీదికి ఎక్కే వాలులో దాన్ని తొక్కిన మొదటిరోజు నేను గట్టిగా నవ్వాను, పక్కన ఎవరూ లేకపోయినా. లారీలు అద్దంలో వెనక్కి పోయాయి. ట్రాక్టర్లను ఎప్పుడు దాటానో తెలియలేదు. సరిగ్గా ఏడున్నరకు గేటు తీశాను. నా భార్య గడియారం చూసి, నన్ను చూసి నవ్వింది. ఆ నవ్వు కోసమే ఇంత పెట్టి కొన్నాననిపించింది.

చిక్కు ఆ తర్వాత మొదలైంది. ఏడున్నరకు వచ్చిన మనిషికి మా ఇంట్లో పని లేదు. వంట ఎనిమిదిన్నరకు సిద్ధమవుతుంది, ఏళ్ళుగా అదే వేళ. భార్య పిల్లల పరీక్ష పేపర్లు ముందేసుకుని దిద్దుతూ కూర్చునేది. అమ్మాయి చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని చదువుకునేది. లెక్కల్లో నేను గట్టివాణ్ణే కదా అని రెండో రోజు పక్కన కూర్చున్నాను.

"డాడీ, మాకు గిట్ల చెప్పలే, వేరే మెథడ్. నువ్వు చెప్తే నాకు మస్తు పరేషాన్ అయితది."

లేచి వచ్చేశాను. కారుతున్న నల్లా బిగించాను. గేటు కీలుకు నూనె వేశాను. ఫ్రిజ్ తీసి చూశాను, మూశాను, మళ్ళీ తీశాను. నాలుగో రోజుకు ఇంట్లో మరమ్మతు చేయాల్సిన వస్తువేదీ మిగల్లేదు. కాలుగాలిన పిల్లిలా వసారాకూ వంటింటికీ మధ్య తిరుగుతుంటే నా భార్య తలెత్తింది.

"జర ఒక్కకాడ కూసో. నాకు కండ్లు తిరుగుతున్నయి."

కూర్చున్నాను, ఆమెకు ఎదురుగా. ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు. నా దగ్గర ఫ్యాక్టరీ సంగతులు తప్ప ఏమీ లేవు, అవి ఆమెకు చెప్పే అలవాటు ఎప్పుడో పోయింది. ఆ అరగంట నాకు మొత్తం రింగు రోడ్డు కన్నా పొడుగనిపించింది. కారులో నేను మహారాజును. ఇంట్లో చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియని మనిషిని.

తర్వాతి సోమవారం నవాబుపేటలో ఒక చాయ్ హోటల్ ముందు కారు ఆపాను. ఇంజను చల్లారనిద్దామని నాకు నేనే చెప్పుకున్నాను. చల్లార్చాల్సింది ఇల్లు చేరాక, ఇరవై కిలోమీటర్ల ముందు కాదు. అదీ ఒక్క నిమిషం చాలు. యంత్రాలతో బతికేవాణ్ణి, నాకు తెలియక కాదు. అయినా చాయ్ కారులోకే తెప్పించుకుని, ఏసీ వేసుకుని, ఇంజను తిరుగుతుంటే అరగంట కూర్చున్నాను. ఎంత హాయిగా ఉందో చెప్పలేను. మర్నాడు మళ్ళీ ఆగాను. వారం తిరిగేసరికి ఇంటికి మళ్ళీ ఎనిమిది దాటాకే చేరడం మొదలైంది.

"రైల్వే గేటు పడ్డది" అనేవాణ్ణి. "రోడ్డు పని నడుస్తున్నది" అనేవాణ్ణి. ఆమె ఏమీ అడిగేది కాదు. అడగకపోవడమే నాకు పెద్ద బెంగ అయింది. రోజూ ఈరోజు ఆగను అనుకుంటూనే వచ్చేవాణ్ణి. హోటల్ కనబడగానే కాలు తనంతట తానే బ్రేకు మీద పడేది.

దీపావళి ఇంకో వారం ఉందనగా ఒక సాయంత్రం అన్నాలయ్యాయి. అమ్మాయి తన గదిలోకి పోయింది. నా భార్య కంచాలు తీయకుండా అలాగే కూర్చుంది.

"నవాబుపేటల చాయ్ హోటల్ ఆమె బిడ్డ మా బడిలనే చదువుతది, ఎరుకేనా?"

ఆ మండలంలో ఆమెను ఎరగని ఇల్లు లేదు. ఆ సంగతి మరిచి, రోజూ ఆ ఊరి నడిబొడ్డున ఎర్ర కారు ఆపుకుని దాక్కున్నానన్నమాట.

"ఇయ్యాల బడికొచ్చి అడిగింది. 'మేడం, సారు రోజు మా హోటల్ ముంగల కార్ల కూసుంటడు. దిగడు, పోడు. ఇంట్ల ఏమన్న లొల్లా?' అని. పది మంది పిల్లల ముంగల. నేనేం జెప్పాలె చెప్పు?"

ఆమె గొంతు పెంచలేదు. అరిచి ఉంటే నేనూ అరిచి తప్పించుకునేవాణ్ణి. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

"రూమ్ తీసుకుంట" అన్నాను చివరికి. "కారుది తప్పు కాదు. అది తెచ్చి విడిస్తనే ఉన్నది. నాకే ఇంటికి రావాలంటే భయమైతున్నది. ఈడ నాకేం పని లేదు. నేను లేకున్నా అన్ని నడుస్తున్నయి. నీ ఎదురుంగ కూసుంటే ఏం మాట్లాడాల్నో తెలుస్తలేదు."

చెప్పాక నాకే భయం వేసింది. ఇన్నేళ్ళ కాపురంలో ఇలాంటి మాట ఆమెతో ఎన్నడూ అనలేదు. ఆమె కొంగుతో బల్ల మీది మెతుకులు ఒకచోటికి తుడిచింది. తుడిచిన చోటే మళ్ళీ తుడిచింది.

"నువ్వు జల్ది వచ్చిన ఆ వారం నేను ముందలేసుకున్న పేపర్లు, అన్ని బడిలనే దిద్దినయి" అంది. "నువ్వొచ్చి ఎదురుంగ కూసుంటే నాకు గూడ మాట రాకపాయె. మొదట్నుంచి మల్ల దిద్దిన."

నేను ఆమె ముఖంలోకి చూశాను. ఏడుస్తోందేమో అనుకున్నాను, కానీ నవ్వు ఆపుకుంటోంది. కళ్ళలో నీళ్ళు మాత్రం ఉన్నాయి.

"రూము గీము ఏం వద్దు. రేపు ఏడున్నరకు రా" అంది కంచాలు ఎత్తుతూ. "మాట రాకుంటే రాకపాయె. ఇద్దరం ఊకెనే కూసుందాం."