పదిన్నర ముహూర్తం

హైమవతి పరిశోధన లోకానికి ఎంత ఉపయోగపడిందో తెలియాలంటే ఎర్రమంజిల్ వెళ్లి ఆ కొత్త భవనం చూడాలి. గుమ్మం పక్కన నల్లరాతి మీద ఆమె పేరు బంగారు అక్షరాల్లో ఉంటుంది. నాకైతే అటు చూడబుద్ధి కాదు.

అమీర్‌పేటలో నాది ప్రింటింగ్ షాపు. జావా నేర్పిస్తాం, ఉద్యోగం ఇప్పిస్తాం అంటూ కోచింగుల వాళ్లు పంచే కరపత్రాలు సగం నా దగ్గర పుట్టినవే. జనం చేతికివ్వగానే కింద పారేస్తారు, వాళ్లు మళ్లీ వేయించుకుంటారు. మా పొయ్యి అలా వెలిగేది. ఆ రోజుల్లో యూసుఫ్‌గూడలో గది తీసుకుని ఉండే హైమవతి తన థీసిస్ కోసం కూలీలను అడగబోయే ప్రశ్నలు టైపు చేయించడానికి వచ్చింది. కరీంనగర్ వైపు రైతుల పిల్ల. భూమి వేడెక్కుతోందన్న సంగతి ఎవరికి, ఎలా చెప్పాలి, చెప్పాక ప్రభుత్వం ఏం చెయ్యాలి అన్నది ఆమె చదువు. ఎండ కాస్తోందని కూలివాళ్లకి చెప్పడానికి పీహెచ్‌డీ ఎందుకమ్మా అని ఎకసెక్కమాడాను. ఆమె కోప్పడలేదు.

"వాళ్లకు చెప్పుడు గాదన్నా. వాళ్లను ఎండల నిలబెట్టేటోళ్లకు చెప్పుడు," అంది.

ఎండాకాలమంతా బోరబండ కూలీల అడ్డాలో కూర్చుంది. మొదట్లో ఎవరూ నోరు విప్పలేదు. ఆమె జిల్లావాడే అయిన ఓదెలు అనే కాంక్రీటు పనివాడు మన పిల్లేనని అందరికీ చెప్పాక మాట్లాడారు. చివరికి ఆమె పట్టుకున్నది ఇదీ: ఎండదెబ్బకి పడిపోయేవాళ్లలో ఎక్కువమంది స్లాబు వేసే రోజునే పడిపోతున్నారు. స్లాబు మొదలెడితే మధ్యలో ఆపకూడదు, ఆపితే అతుకు పడి వానకి కురుస్తుంది. మొదలుపెట్టేదేమో ముహూర్తానికి. పదిన్నరకి కొబ్బరికాయ కొడితే, మిట్టమధ్యాహ్నమంతా ఆ నిప్పుల్లో తట్టలు మొయ్యాల్సిందే.

ఆమె ఊరుకునే రకమా! పంజగుట్టలో ముహూర్తాలు పెట్టే పంతులుగారి దగ్గరికి వెళ్లింది. తెల్లవారుజామున ఇంకా మంచి ముహూర్తాలుంటాయమ్మా, చుట్టాలు టిఫిన్లు తిని తీరిగ్గా రావాలని బిల్డర్లే పదిన్నర అడుగుతారు అన్నాడట ఆయన. సర్కారు కాగితం ఒక్కటి చూపిస్తే తానే అందరికీ నచ్చజెబుతానన్నాడు. ఆ సంతోషంలో ఆమె ఓదెలుకి మాట ఇచ్చేసింది, వచ్చే ఎండలకి మీరు చీకటితోనే స్లాబు వేస్తారని.

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. ఇక్కడ పూజారి ఇచ్చాడు, ఆఫీసరు ఇవ్వలేదు. ఎండల మీద ప్రభుత్వ అవగాహన కార్యక్రమానికి అధికారి రవికాంత్. ఆమె పరిశోధనతోనే కరపత్రం వేయిస్తున్నాడు. కరపత్రం ప్రూఫు చూడ్డానికి నా షాపుకే వచ్చి, నా కుర్చీలోనే కూర్చుని, స్లాబు ముహూర్తం తెల్లవారుజామున పెట్టుకోండన్న మాటని ఎర్ర పెన్నుతో కొట్టేశాడు. మతం జోలికి వెళ్తే పేపర్లకెక్కుతామన్నాడు. హైమవతి బతిమాలింది, పోట్లాడింది.

"మనది అవగాహన కల్పించడం వరకే మేడమ్. పని వేళలు మన శాఖ కాదు," అని లేచిపోయాడు.

ఇక మిగిలిందేంటి? మంచినీళ్లు తాగండి, గొడుగు వాడండి, నీడలో ఉండండి. శుష్కప్రియాలు, శూన్యహస్తాలు! అదే వేలకొద్దీ అచ్చేశాను.

ఆమె మాట ఇచ్చిన ఆ ఎండల్లోనే, మే నెలలో, అమీర్‌పేటలో ఓ కోచింగ్ సెంటర్ బిల్డింగ్ మీద ఓదెలు పడిపోయాడు. పదిన్నర స్లాబు. ఆసుపత్రికి చేర్చేలోపే ప్రాణం పోయింది. కింద గోడకి మా కరపత్రం అతికించి ఉంది, నీడలో ఉండండి అని. హైమవతి చాలా రోజులు గది తలుపు తీయలేదు.

ఆఫీసుకి మాత్రం ఆమె పరిశోధన కామధేనువైంది. లక్షలమందికి అవగాహన కలిగిందని నివేదిక వెళ్లింది, పైనుంచి నిధులొచ్చాయి, వాతావరణ మార్పుల కేంద్రానికి ఎర్రమంజిల్‌లో సొంత భవనం మంజూరైంది. మరుసటి వేసవిలో ఆహ్వానపత్రిక కూడా నా దగ్గరే అచ్చయింది. ముఖ్య అతిథి డాక్టర్ హైమవతి. తొలి స్లాబు శుభముహూర్తం ఉదయం పదిన్నర. సిగ్గు లేకపోతే సరి!

ఆమె వెళ్లదనుకున్నాను. వెళ్లింది. కింద షామియానా, కూలర్లు. నిచ్చెన దగ్గర ఎండలో కూలీల వరస. రవికాంత్ ఆమె చేతిలో కొబ్బరికాయ పెట్టాడు. ఆమె కొట్టలేదు.

"పొద్దు గూకినంక కొడ్త సార్. అందాక ఈడనే కూసుంట."

మేస్త్రీ గడియారం చూసుకున్నాడు. అప్పుడు వరసలోంచి ఒకామె నెత్తిన తట్టతోనే ముందుకొచ్చింది. ఓదెలు భార్య మంగవ్వ. ఆయన పోయాక ఆయన పనిలోకి తనే దిగింది.

"నువ్వు కొట్టకుంటే ఇంకొకలు కొడతరు బిడ్డా," అంది మెల్లిగా. "జర జల్ది కానియ్యి. ఆలిశమైనకొద్ది మాకే ఎండ ముదురుతది."

రవికాంత్ హైమవతి చేతిలోంచి ఆ కాయ తీసుకుని తానే కొట్టాడు. ఒక్క దెబ్బకే రెండు చెక్కలైంది. శుభమన్నారు అందరూ.