సత్తక్క మేడ మీద ఆర్టిచోక్

ఇవాళ పొద్దున టమాటా మొక్కకు పక్క చిగుళ్ళు గిల్లుతుంటే ఆ పచ్చి ఘాటు వేళ్ళకు అంటుకుంది. సబ్బుతో కడిగినా పోలేదు. పనిలో కూర్చున్నాక కూడా, చెయ్యి ముఖం దగ్గరకు వచ్చినప్పుడల్లా సత్తక్క గుర్తుకొచ్చింది.

సూరత్‌లో ఉద్యోగం దొరికిన కొత్తలో ఊరి శివారు కామ్‌రేజ్‌లో ఆవిడ ఇంటి పై గదిలో అద్దెకుండేదాన్ని. కింద ఆవిడ మెస్సు. జగిత్యాల వైపు నుంచి వచ్చి బట్టలు నేసే లూముల్లో పనిచేసేవాళ్ళు అక్కడే తినేవారు. లాక్‌డౌన్‌లో వాళ్ళంతా ఊళ్ళకు వెళ్ళిపోయారు, పొయ్యి ఆరిపోయింది. ఒంటరి మనిషి, ఊరికే కూర్చోవడం చేతకాదు. ఖాళీ నూనె డబ్బాలు మేడ మీదకు చేరవేసి టమాటా నారు పోసింది. వానలు వెలిశాక నేను ఆన్‌లైన్‌లో వంగ విత్తనాలు తెప్పిస్తే పొరపాటున ఆర్టిచోక్ అనే ఏదో విదేశీ కూరగాయ విత్తనాలు వచ్చాయి. పొట్లం మీద, తామరమొగ్గకు పొలుసులు మొలిచినట్టున్న బొమ్మ. తిప్పి పంపుతానంటే ఒప్పుకోలేదు. "మనింటికొచ్చినయి గదా, ఏమైతయో చూద్దాం," అంది.

చలికాలమంతా వాటిని సాకింది. వెండిరంగు ఆకులు మోకాలెత్తు లేచాయి. ఎండలు ముదరకముందే మొగ్గలు వేశాయి. కోసి ఉడకబెట్టి, ఎలా తినాలో ఫోన్‌లో చూసి, ఒక్కో రేకూ పంటితో గీరుకు తిన్నాం. అంత చెట్టుకు ఇంతేనా తిండి అని నవ్వి, ఆవిడ టమాటా పప్పు వండింది.

ఆ ఎండాకాలమే ఆవిడకు కరోనా వచ్చింది. గదిలోంచే ఫోన్ చేసి ఏ మొక్కకు ఎన్ని నీళ్ళు పోయాలో చెప్పేది. ఫోన్ రాని పూట నేనే కిందికి దిగి తలుపు బయట నుంచి పిలిచేదాన్ని. కోలుకుని మేడెక్కేసరికి, కోత ఎప్పుడో తెలియక నేను వదిలేసిన చివరి మొగ్గ ఊదారంగు పువ్వై విచ్చుకుంది. వంగి వాసన చూసింది. టమాటా ఆకు నలిపి ముక్కు దగ్గర పెట్టుకుంది. ఇంకో ఆకు నలిపింది.

"ఏం వస్తలేదు బిడ్డా. పోపు మాడేది సుత తెల్వకపోతే మెస్సు ఎట్ల నడుపుత?"

పువ్వు కాస్త తేనె వాసన వేస్తోందన్నాను. ఆవిడ నలిపిన ఆకు పారేసి నా వైపు తిరిగింది.

"అయితే నువ్వే జెప్పు. పొయ్యి కాడ జర నా పక్కన నిలవడు."

లూముల వాళ్ళు తిరిగొచ్చి మెస్సు తెరిచాక రోజూ పొద్దున్నే నిలబడ్డాను. అప్పటిదాకా నాకు టీ తప్ప ఏదీ చేతకాదు. వెల్లుల్లి పచ్చివాసన పోవడం, ధనియాలు కమ్మగా మారడం, పప్పు అడుగంటబోయే ముందు వచ్చే సన్నని తేడా, అన్నీ ఆవిడ అడుగుతుంటేనే తెలిశాయి. తినేవాళ్ళ ఎదుటే అడిగేది. ఒకతను నవ్వితే, తనకు ముక్కు పనిచేయడం లేదని మామూలుగా చెప్పి గరిటె తిప్పుకుంది. ఆఫీసులో నాకు పని రాదని ఎవరికి తెలిసిపోతుందోనని లోలోపలే నలిగే నేను, ఆవిడ వైపు చూస్తూ ఉండిపోయాను.

మళ్ళీ చలికాలానికి కొంత వాసన తిరిగొచ్చింది, పూర్తిగా కాదు. నేను ఉద్యోగం మారి హైదరాబాద్ వచ్చేశాను.

ఇప్పుడు నా దగ్గర పనిచేసేవాళ్ళంతా నాకన్నా చిన్నవాళ్ళు. తెలియనిది ఎదురైతే, నాకిది రాదు, పక్కన కూర్చుని చెప్పమని వాళ్ళనే అడుగుతాను.