మా మావయ్య బండి టాపూ, దాని మైలేజీ

మొన్న గుడివాడలో బీరువా తరలించడానికి ఒక పికప్ బండి అతన్ని మాట్లాడుకుంటూ, "ఇంత ఎత్తు టాప్ ఉంటే డీజిల్ ఎక్కువ తాగదూ?" అన్నాను మాటవరసకి. అతను నన్ను జాలిగా చూశాడు. "అదేనండీ అందరూ పొరబడేది. టాప్ ఉంటేనే మైలేజీ. గుడ్లవల్లేరు వైపు ఒకాయన ఎప్పుడో టెస్టు చేసి తేల్చాడంటండీ" అన్నాడు. నాకు నవ్వాగలేదు. ఆ ఒకాయన మా మావయ్య. ఆ టెస్టు జరిగిన రెండు ఆదివారాలూ నేను ఆ బండిలోనే ఉన్నాను.

ఇరవయ్యేళ్ల కిందటి మాట. మావయ్య బండి వారమంతా చేపల చెరువులకు తవుడు బస్తాలు మోసేది. ఆ వేసవిలో ఆదివారాలు మాత్రం మా ఊరి స్త్రీల సమాజాన్ని హంసలదీవి పక్కనున్న ఊరికి ప్రార్థన కూటాలకు తీసుకెళ్లేది. సమాజానికి అధ్యక్షురాలు మా అత్త. ఇనుప గొట్టాల మీద టార్పాలిన్ పరిచిన ఆ టాప్ కూడా ఆవిడ పోరు పడలేక కట్టించిందే. మావయ్యకి మైలేజీ ఒక జబ్బు. బరువని జాకీని ఇంట్లో వదిలేసి, టైరు పంచరై నడిరోడ్డు మీద కూలబడిన మనిషి. ఎవరైనా కాస్త లావాటి ఆవిడ బండెక్కితే ఇంజను వైపు చూసి నిట్టూర్చేవాడు. చివరికి ఆయన కన్ను టాప్ మీద పడింది. గాలికి అడ్డం, పీకించేస్తానన్నాడు.

"పీకిస్తే ఈ ఎండలో ఎవరొస్తారండీ? వాళ్లు ఇల్లూ పొలమూ దాటేది ఆ ఒక్క రోజే కదా" అంది అత్త. ఇద్దరూ వాదించుకుని టెస్టుకి ఒప్పుకున్నారు. ఒక ఆదివారం టాప్ విప్పేసి, మరుసటి ఆదివారం టాప్‌తో. అదే దారి, అదే పదకొండు మంది, అదే బంకు. పొద్దున ట్యాంకు నింపడం, తిరిగొచ్చాక మళ్లీ నింపడం. సాయంత్రం ఎంత పడితే బండి అంత తాగినట్టు.

మొదటి ఆదివారం తలల మీద తువ్వాళ్లు కప్పుకున్నాం. ఒకావిడ అన్నం తెచ్చిన బేసిన్‌నే బోర్లించుకుంది. అవనిగడ్డ దాటేసరికి పాటలు ఆగిపోయాయి. సాయంత్రం బంకులో డీజిల్ తక్కువే పట్టేసరికి మావయ్య ముఖం వెలిగిపోయింది. "ఇంక మేం రాలేం వదినా" అన్నారు ఇద్దరు ముగ్గురు. అత్త వాళ్ల మాట వింటూనే, పక్కన ఒక ట్రాలీ ఆటో అతను డీజిల్ కొట్టించుకుంటూ బండిని ఊపడం చూసింది. ఎందుకని అడిగింది. "లోపలి గాలి పోయి ఇంకో లీటరు పడుద్దండీ" అన్నాడతను.

రెండో ఆదివారం పొద్దున, మావయ్య టీ తాగడానికి రోడ్డు దాటగానే అత్త "పట్టండే" అంది. పదకొండు మందీ కొంగులు దోపి బండికి భుజాలానించారు. బంకాయన కంగారుపడితే, "నువ్వు పోస్తూనే ఉండు తమ్ముడూ" అంది. సాయంత్రం మాత్రం ఎవరూ బండి మీద చెయ్యి వెయ్యలేదు. పొద్దున ఎక్కువ పట్టింది గనక, సాయంత్రం ఆ మేరకు, పోయిన ఆదివారం కన్నా తక్కువ పట్టింది. మావయ్య రెండుసార్లు మీటరు చూసి, టాప్ చుట్టూ తిరిగి, గాలి టార్పాలిన్ మీద నుంచి జారిపోతోందని నిర్ధారించాడు. మర్నాటి నుంచి ఊరూరా అదే ప్రచారం.

"ఇది తప్పు కాదా అత్తా?" అని చెవిలో అడిగాను. "నేనేమైనా అబద్ధమాడానా? బండి ఊపాం, అంతేగా. పైనున్న ఆయనకి ఈ ఎండ సంగతి కూడా తెలుసులే" అంది.

అత్త పోయి మూడేళ్లయింది. మావయ్యకి నిజం చెప్పేద్దామని ఆమధ్య వెళ్లాను. ఆయన కొత్త టార్పాలిన్ కట్టిస్తున్నాడు. తాడు బిగిస్తూ, "మీ అత్త అన్నిట్లో మొండిదేనమ్మా. ఈ ఒక్క దాంట్లో మాత్రం ఆవిడ మాటే నిజమైంది" అన్నాడు. నేను తాడు రెండో కొస పట్టుకున్నాను. ఇరవయ్యేళ్లు ఒకే ఇంట్లో ఉంటే, అబద్ధం కూడా ఇంటి మనిషే అయిపోతుంది.